పదకొండు డిగ్రీల వాలు

మా గ్యాలరీ తెరవడానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. గోడలకి సున్నం వేయించాం, మేకులు కొట్టించాం, మేకులకి బొమ్మలు తగిలించాం, మెట్ల మీద పాత పట్టా పరిచాం. ఇక మిగిలింది ఒక్కటే. ప్రారంభోత్సవం జరిగేదాకా మా అమ్మాయికి నడక రాకూడదు. ఈ మాట నేనంటున్నది కాదు. ప్రాంతీయ చిత్రశైలుల గుర్తింపు మరియు పరిరక్షణ మండలి వారు కాగితం మీద టైపు కొట్టించి, ముద్ర వేసి, రిజిస్టరు పోస్టులో పంపించారు.

ఇది వినగానే కొందరు మండలిని తిడతారు. తిట్టడానికి ఏమీ లేదు. వాళ్లు అడిగారు, నేను నిజం రాశాను. పొరపాటు నాదే.

ఐస్ ఫ్యాక్టరీ రోడ్డులో మాణిక్యం పిన్నికి ఫోటోలకి ఫ్రేములు కట్టే కొట్టుంది. పిన్ని అంటే చుట్టరికం కాదు, పిలుపు. ఆవిడ దగ్గర అట్టలు కోసి, ఫోటో వెనక పెట్టి, చిన్న మేకులు దిగ్గొట్టే పని నాది. మా కొట్టుకి మూడు రకాల ఫోటోలు వస్తాయి. దేవుళ్లు, పెళ్లివాళ్లు, పోయినవాళ్లు. నాలుగో రకం మేమెప్పుడూ చూడలేదు.

మా అమ్మాయి పేరు తన్విక. ఆరో నెల దాటిన దగ్గర్నుంచి నా ఎడమ చంక తప్ప ఈ భూమ్మీద దానికి వేరే చోటు నచ్చలేదు. ఉయ్యాల్లో వేస్తే ఏడుపు, చాప మీద వేస్తే ఏడుపు. వాళ్ల నాన్న లారీ దిగి వచ్చి ఎత్తుకుంటే, వారానికోసారి కనిపించే ఈ మనిషెవరో అని ఇంకా ఏడుపు. అంచేత ఎడమ చేత్తో పిల్లని మోస్తూ కుడి చేత్తో పని చేయడం నాకు అలవాటైంది. పని లేనప్పుడు గోడకి ఒక అట్ట తగిలించి, పెన్నుతో దాని మీద ఏదో ఒకటి గీసేదాన్ని. పెన్ను అట్ట మీద నుంచి లేచిందంటే తన్విక లాక్కుని నోట్లో పెట్టుకునేది. అందుకని మొదలుపెట్టిన బొమ్మ పూర్తయ్యేదాకా పెన్ను ఎత్తేదాన్ని కాదు. బస్సు మొదలుపెడితే చక్రాలు, కిటికీలు, కిటికీల్లో జనం, కండక్టరు సంచీ అన్నీ ఒక్క గీతలోనే వచ్చేవి.

రెండో సంగతి, పిల్లని మోసేటప్పుడు ఎడమ నడుము బయటికి పెట్టి, ఒళ్లు కుడి పక్కకి వాల్చి నిలబడతాం కదా. నేను నిటారుగా గీశాననుకున్నవన్నీ కుడికి వాలి ఉండేవి. గేదెలు వాలేవి, కరెంటు స్తంభాలు వాలేవి, వాటర్ ట్యాంకు వాలేది. మా రోడ్డు మీద ఏడాది పొడుగునా ఒకే గాలి ఒకే పక్కనుంచి వీస్తున్నట్టు ఉండేది.

గీసిన అట్టలు పారేయడం ఎందుకని వాటినే ఫ్రేముల్లో పెట్టి మూసేసేవాళ్లం. ఫోటో వెనకాల అట్ట ఎవరు చూస్తారు?

పాలకేంద్రం గుమాస్తా ఒకాయన చూశాడు. పోయిన వాళ్ల నాన్న ఫోటోకి గాజు పగిలిందని తెచ్చాడు. పిన్ని ఫ్రేము విప్పేసరికి వెనకనుంచి బస్సు బయటపడింది. ఆయన దాన్ని తల వంచి చాలాసేపు చూసి, బస్సుని ముందుకి పెట్టి ఫ్రేము కట్టమన్నాడు. మరి మీ నాన్నగారండీ అని పిన్ని అడిగింది.

"ఆయన నలభై ఏళ్లు మమ్మల్ని చూశారు కదండీ. ఇక కొన్నాళ్లు గోడని చూస్తారు."

ఆ తర్వాత మా దగ్గర ఫ్రేములు కట్టించుకున్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, మా తాతగారి వెనకాల ఏముందో చూడండి అని విప్పించుకోవడం మొదలుపెట్టారు. పెళ్లి ఫోటో వెనకాల గేదె దొరికినవాళ్లు సంతోషంగా వెళ్లారు. ఏమీ దొరకనివాళ్లు గొడవ పెట్టుకున్నారు. ఇదంతా చూసి పిన్ని ఒక సాయంత్రం మేకు నోట్లోంచి తీసి, కొట్టు పైన ఖాళీగా ఉన్న గదిలో గ్యాలరీ పెడదామంది. గీత నాది, ఫ్రేము తనది, చెరి సగం. పేరు కూడా అప్పుడే పెట్టేసింది, 'వాలు బొమ్మలు'.

సరిగ్గా ఆ రోజుల్లోనే మండలి పుట్టింది. పక్క రాష్ట్రాలకి ఉన్నన్ని చిత్రశైలులు మనకి లేవని ఎవరో ఒక సభలో బాధపడ్డారట. ఇకనుంచి ప్రతి జిల్లా మార్చి నెలాఖరుకల్లా మూడేసి శైలులు కనిపెట్టాలని ఉత్తర్వు వచ్చింది. గోడమీద పదికి మించి బొమ్మలు తగిలించిన ప్రతివారూ అవి ఏ శైలికి చెందినవో తెలియజేసి గుర్తింపు పొందాలి. లేకపోతే తీసేయాలి. మా వీధి చివర మంగలి షాపులో జుట్టు రకాలు చూపించే బొమ్మలు పన్నెండు ఉన్నాయి. ఆయనకి నోటీసు వచ్చింది. ఆయన రెండు తీసేసి కూర్చున్నాడు. మేం మాత్రం దరఖాస్తు పెట్టుకున్నాం.

దరఖాస్తులో పద్నాలుగో ప్రశ్న: 'శైలికి మూలకారణము.' పిన్ని అమ్మవారు కలలో కనిపించిందని రాసెయ్యమంది. రేపు ఏదైనా తేడా వస్తే అమ్మవారిని విచారణకి పిలవలేరు కదా అని ఆవిడ ధైర్యం. నాకు ప్రభుత్వ కాగితం మీద అబద్ధం రాయాలంటే చెయ్యి రాలేదు. ఉన్నదున్నట్టు నాలుగు మాటలు రాశాను. 'పిల్ల చంకలో ఉండటం వల్ల.'

పది రోజుల్లో పరిశీలనాధికారి జోగేశ్వరరావు గారు వచ్చారు. మంచి మనిషి. చొక్కా జేబులో కోణమానిని ఉంది. బడి మానేశాక నేను దాన్ని మళ్లీ చూడటం అదే. నన్ను పిల్లని ఎత్తుకుని ఒక బొమ్మ గీయమన్నారు. మేక గీశాను. దాని వాలు కొలిచారు, పదకొండు డిగ్రీలు. గేదెల వాలు కొలిచారు, అవీ పదకొండే. తన్వికని కూరగాయల కొట్టునుంచి తెప్పించిన కాటా మీద కూర్చోబెట్టి తూచారు, ఎనిమిది కిలోల రెండు వందల గ్రాములు. అన్నీ రాసుకుని కింద సంతకం పెట్టారు. ఆయన సంతకం చూడాల్సిందే. ఒక్కో అక్షరం విడివిడిగా, అచ్చులో పోసినట్టు నిటారుగా పెట్టి, కింద స్కేలుతో రెండు గీతలు కొడతారు. ఒక సంతకానికి మా మేక కంటే ఎక్కువ సేపు పడుతుంది.

ఉత్తర్వు వచ్చింది. మా బొమ్మలకి 'వామకటి శిశుభార ఏకరేఖా శైలి' అని పేరు పెట్టారు. పిన్ని నాలుగుసార్లు చదివించుకుని, ఇది మనదేనా అని అడిగింది. తాత్కాలిక గుర్తింపు ఇచ్చారు. మండలి అధ్యక్షులు ఆచార్య విరూపాక్షం గారు స్వయంగా వచ్చి గ్యాలరీ తెరిచిన రోజున అది శాశ్వతమవుతుంది. అంతవరకు షరతులు ఉన్నాయి.

'శైలి యొక్క మూలకారణమునందు ఎట్టి మార్పును చేయరాదు. శిశువు స్వతంత్ర నడక నేర్చుకొన్నచో మూలకారణము తొలగిపోయినట్లు పరిగణింపబడి గుర్తింపు రద్దగును. శిశువు బరువు పై నమోదిత పరిమాణమునకు ఐదు శాతమునకు మించి హెచ్చుతగ్గులు కారాదు.'

ప్రారంభోత్సవం మూడు వారాల్లోనే అన్నారు కాబట్టి, సరే మూడు వారాలే కదా అనుకున్నాం. అప్పటికి తన్వికకి పద్నాలుగు నెలలు.

ఆ వారమే ఆరోగ్య కేంద్రం నుంచి సుగుణ సిస్టర్ టీకా పుస్తకం పట్టుకుని వచ్చింది. తన్వికని చూసి, కాళ్లు పట్టుకుని వంచి, నడుస్తోందా అని అడిగింది. లేదన్నాను. నిలబడుతోందా? లేదు. పాకుతోందా? కింద పెడితే కూర్చుని రెండు చేతులూ నా వైపు చాస్తుందని చెప్పాను.

"కింద వదిలితే కదమ్మా నడుస్తాది. నీ చంక దిగితేనే దానికి నేలనేది ఒకటుందని తెలుస్తాది. రోజంతా వదిలెయ్. తిండి కూడా పెంచు, బరువు తక్కువుంది."

ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. పక్కింటి మనవడు పదకొండో నెలకే వీధి చివరిదాకా వెళ్లి కుక్క తోక పట్టుకున్నాడు. మా ఎదురింటి పిల్ల తన్విక కంటే ఇరవై రోజులు చిన్నది, మెట్లు ఎక్కుతోంది. నేను రోజూ తన్విక రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి పొడుగు చూసేదాన్ని. మెత్తగా ఉన్న అరికాళ్లు నొక్కి చూసేదాన్ని. ఇన్నాళ్లూ నేను కింద పెట్టకపోవడం వల్లే దానికి కాళ్లు రాలేదేమో. అది ఏడిస్తే నా మనసు ఊరుకోక ఎత్తుకున్నాను. ఇప్పుడు నా మనసు ఒప్పుకున్నా మండలి ఒప్పుకోదు.

జోగేశ్వరరావు గారు వారం వారం తనిఖీకి వచ్చేవారు. సార్, పిల్లకి నడక ఆలస్యమవుతోంది, కాస్త కింద వదలొచ్చా అని అడిగాను. ఆయన కాగితాలన్నీ తిరగేశారు, పాపం.

"సడలింపు కోరుతూ మూడు ప్రతుల్లో అర్జీ పెట్టుకోవచ్చమ్మా. అయితే నడక అనేది మళ్లీ వెనక్కి తీసుకోదగిన చర్య కాదు. ఒకసారి వచ్చాక రద్దు చేసే నిబంధన మా దగ్గర లేదు."

అర్జీ పెట్టాను. 'పరిశీలనలో ఉన్నది' అని జవాబు వచ్చింది. ఇంట్లో మాత్రం తలుపు గడియ పెట్టి, ఉతికిన దుప్పటి పరిచి, దాని మీద తన్వికని దించేదాన్ని. జోగేశ్వరరావు గారు ప్రతి తనిఖీలోనూ అరికాళ్లు చూస్తారు. 'పాదముల పరిశీలన: ధూళి లేదు' అని రాసుకుంటారు. అంచేత దించిన ప్రతిసారీ కాళ్లు సబ్బుతో కడిగి, తుడిచి, పౌడరు అద్దేదాన్ని. సొంత బిడ్డని సొంత ఇంట్లో నేలమీద పెట్టి దొంగలాగా వేలిముద్రలు తుడుచుకున్నట్టు. ఇంత చేసినా అది నిలబడలేదు. దుప్పటి మధ్యలో కూర్చుని చేతులు చాచేది. ఇక తిండి సంగతి. పెడితే మండలికి కోపం, పెట్టకపోతే సిస్టరుకి కోపం. నాకు సిస్టరు కోపమే ఎక్కువ భయం అనిపించి నెయ్యి వేసి పెట్టాను. మూడు వందల గ్రాములు పెరిగింది. జోగేశ్వరరావు గారు ఐదు శాతం అంటే ఎంతో లెక్క వేసి, ఇంకో నూటపది గ్రాములు అవకాశముందమ్మా, జాగ్రత్తగా వాడుకోండి అన్నారు.

మూడు వారాలయ్యాయి. అధ్యక్షుల వారికి తీరిక దొరకలేదు. నెల వాయిదా. తర్వాత ఇంకో నెల. ఈ లోపల మండలి ఊరుకోలేదు. శైలిని నలుగురికీ నేర్పించకపోతే పరిరక్షణ ఎలా అవుతుందని ముప్ఫై మందికి శిక్షణ ఇవ్వమన్నారు. వచ్చినవాళ్లలో సగం మంది కాలేజీ పిల్లలు, ఇద్దరు రిటైరైన మాస్టార్లు. ఎవరి చంకలోనూ పిల్లలు లేరు. ఎనిమిది కిలోల రెండు వందల గ్రాముల ఇసుక నింపిన ముప్ఫై గుడ్డ సంచులు, ఒక్కోదానికి రెండేసి కాళ్లతో, కుట్టించమని ఉత్తర్వు వచ్చింది. కాగితాల్లో వాటి పేరు 'ప్రామాణిక శిశువు.' పిన్ని మిషన్ మీద కుట్టింది. ముప్ఫై మందీ ముప్ఫై ఇసుక పిల్లల్ని చంకనేసుకుని గోడల ముందు వరసగా నిలబడ్డారు. మాస్టారొకాయన అలవాటుగా సంచీ వీపు తట్టడం కూడా చూశాను.

బొమ్మలు నిటారుగా వచ్చాయి. కోణమానినితో కొలిస్తే ఒకటీ ఒకటిన్నర డిగ్రీలు, అదీ సంచీ జారినప్పుడు. ఇసుక పెన్ను లాక్కోదు, జుట్టు పీకదు, అటు చూడమని చెంప మీద కొట్టదు. లోపం కనిపెట్టడానికి నిపుణుల సంఘం వేశారు. ఏడుపు లేకపోవడమే లోపమని సంఘం తేల్చింది. ఒక్కో సంచీకీ సైకిలు రిక్షా హారను బిగించారు. జోగేశ్వరరావు గారు నాలుగు నిమిషాలకోసారి వరసగా హారన్లు నొక్కుకుంటూ వెళ్లేవారు. ఇంకా నిటారుగానే వచ్చాయి, కాకపోతే వణికాయి. ఆ గోలంతా విని సంతోషించింది తన్విక ఒక్కతే. హారను మోగినప్పుడల్లా నా చంకలో ఎగిరి ఎగిరి పడేది.

చివరికి సంఘం నివేదిక ఇచ్చింది. ఈ శైలికి అసలైన శిశువు ఒక్కటే దిక్కు. అందువల్ల తన్వికని 'సజీవ వారసత్వ వస్తువు'గా ప్రకటించారు. మెడలో వేయడానికి ఫోటోతో గుర్తింపు కార్డు ఇచ్చారు. తన్విక దాన్ని ఆ పూటే నమిలేసింది. జోగేశ్వరరావు గారు 'ధరించినది' అని రాసుకున్నారు.

నాకు ఉన్న అనుమానం ఒకటి ఉత్తరం రాసి అడిగాను. పిల్ల అన్నాక ఏదో ఒకరోజు పెద్దదవుతుంది కదా, అప్పుడెలా అని. ఆచార్య విరూపాక్షం గారు స్వయంగా జవాబిచ్చారు. 'శైలి శాశ్వతము. శిశువు తాత్కాలికము. కావున ఇందుతో జతపరచిన వారసత్వ ప్రణాళిక పత్రమును పూరించి పంపగలరు.' ఆ పత్రంలో ఒకటే గడి ఉంది. తదుపరి శిశువు లభ్యమగు తేదీ. కింద తండ్రి సంతకానికి జాగా.

ఆ కాగితం మా ఆయన చేతిలో పడింది. రెండు రోజులు లారీ నడిపి వచ్చిన మనిషి, మంచం మీద కూర్చుని ఆసాంతం చదివాడు. చదివి మడిచి, వీళ్లు సరుకు ఎప్పుడు దిగుద్దో లారీ ఆఫీసులో అడిగినట్టు అడుగుతున్నారేంటి అన్నాడు. తర్వాత తన్విక వైపు చూశాడు. దీనికి నడకెప్పుడొస్తాదో ఆ గడి లేదా ఇందులో అన్నాడు. ఆ రాత్రి ఆయన గురక పెట్టలేదు.

ఈ గుర్తింపు మనకొద్దని పిన్నికి మాత్రం చెప్పలేకపోయాను. గది సున్నం తనే నిచ్చెనెక్కి వేసింది. ముప్ఫై ఏళ్లుగా వేరేవాళ్ల దేవుళ్లకీ వేరేవాళ్ల పెద్దవాళ్లకీ అంచులు కట్టాను, ఇప్పుడు మనదంటూ ఒకటి గోడెక్కుతోంది అని వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పుకునేది. కొట్టు ముందు పెట్టడానికి పేరు పలక రాయించి, అది గోడకి ఆనించి దాని మీద గుడ్డ కప్పి ఉంచింది. పొద్దున్నే వచ్చి ఆ గుడ్డ దులిపి మళ్లీ కప్పేది.

పదిహేడో నెల వచ్చేసరికి అధ్యక్షుల వారికి తీరిక దొరికింది. గురువారం, పదకొండు గంటలకి. జనం కిటకిటలాడారు. కింద మెట్ల దగ్గర రిబ్బను కట్టాం, పైన గదిలో ఒక చివర ఎత్తు వేదిక వేశాం. దాని మీద గోడకి పెద్ద అట్ట తగిలించాం. వచ్చిన పెద్దలంతా బొమ్మలు చూడటానికి తలలు ఒకే పక్కకి వంచారు. గదిలో నిటారుగా ఉన్నవి ప్రామాణిక శిశువులు మాత్రమే. వాటిని గోడవార వరసగా కూర్చోబెట్టారు.

వేదిక మీద తన్వికని అందరి ముందూ తూచారు. ఎనిమిది కిలోల ఆరు వందలు. పది గ్రాముల తేడాతో బతికాం. అరికాళ్లు చూశారు. ధూళి లేదు. ఆచార్య విరూపాక్షం గారు మైకు అందుకున్నారు. అమ్మతనమే ఈ నేల మొదటి కుంచె అన్నారు. శిశువు బరువు తల్లికి భారం కాదు, జాతికి రేఖ అన్నారు. ఆయన మాట్లాడినంతసేపూ నేను తన్వికని మోస్తూనే నిలబడ్డాను. ఆయన చాలాసేపు మాట్లాడారు.

తర్వాత నన్ను గీయమన్నారు. గీయడం పూర్తయిన క్షణంలో గుర్తింపు శాశ్వతం. బస్సు మొదలుపెట్టాను. అది నా చేతికి కళ్లు మూసుకున్నా వస్తుంది. వెనక చక్రం అయింది, నిచ్చెన అయింది, కిటికీలు ఒక్కొక్కటే అవుతున్నాయి. అంత సేపు నిశ్శబ్దం ఎందుకనుకున్నారో, శైలికి ఏడుపు కావాలని గుర్తొచ్చిందో, జోగేశ్వరరావు గారు గోడవార ఉన్న ఇసుక పిల్లల్లో ఒకదాన్ని తీసి హారను ఒకసారి నొక్కారు.

తన్విక ఎగిరింది. ఎప్పుడూ ఎగిరేది పైకి. ఈసారి కిందికి. నా నడుము మీద రెండు పాదాలూ ఆనించి నెట్టింది. ఆ నెట్టడం నాకు కొత్త. పదకొండు నెలలుగా ఆ ఒంటిని మోస్తున్నాను, దాని ప్రతి కదలికా నా పక్కటెముకలకి తెలుసు. ఇది ఏడుపు కాదు, ఆకలి కాదు. దానికి దిగాలని ఉంది.

గట్టిగా పట్టుకుంటే ఆగేదే. బస్సుకి ఇంక ముందు చక్రమూ డ్రైవరూ మిగిలారు. నిమిషం పని. పిన్ని తలుపు దగ్గర గుడ్డ కప్పిన పలక పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ వైపు చూడకుండా ఉండాల్సింది, చూశాను. ఆవిడ నా చేతిని కాదు, తన్విక కాళ్లని చూస్తోంది.

పెన్ను ఎత్తేశాను. పిల్లని కింద పెట్టాను.

తన్విక కూర్చోలేదు. చేతులు నా వైపు చాచలేదు. వేదిక చెక్కల మీద కాస్త ఊగి, హారను వైపు చూసి, ఒక అడుగు వేసింది. ఇంకోటి వేసింది. ఆచార్య విరూపాక్షం గారు మైకులోనే పట్టుకోండి, పట్టుకోండి అన్నారు. ఎవరూ పట్టుకోలేదు. మూడు. జోగేశ్వరరావు గారు ఇసుక సంచీ వదిలేసి వేదిక అంచు దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చుని చూపుడు వేలు చాచారు. నాలుగు. అది వెళ్లి ఆ వేలు పట్టుకుంది.

ఆయన మొహంలో వచ్చిన నవ్వు ఏ నిబంధన కిందా రాదు. తర్వాత ఆయనకి ఉద్యోగం గుర్తొచ్చింది. రెండో చేత్తో జేబులోంచి చిన్న పుస్తకం తీసి, గడియారం చూసి, రాసుకున్నారు. పదకొండు గంటల నలభై రెండు నిమిషాలు, నాలుగు అడుగులు, సాక్షులు ఎనభై మంది.

పెద్దలంతా టీ తాగకుండానే వెళ్లిపోయారు. రిబ్బను తెంపిన ముక్కలు తన్విక ఏరుకుంటోంది. నేను పిన్ని దగ్గరికి వెళ్లాను. ఆవిడ పలక గోడకి ఆనించి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"పోతే పోయింది లేవే. నువ్వు చూశావో లేదో, కుడికాలు ముందేసింది."

రద్దు ఉత్తర్వు వస్తుందని ఎదురుచూశాం. వచ్చింది వేరే. మండలి సమావేశమై మా శైలి ఫలానా గురువారం ఉదయం పదకొండు గంటల నలభై రెండు నిమిషాలకు సంపూర్ణంగా అంతరించినదని తీర్మానించింది. అంతరించిన శైలి దొరకడం మా జిల్లాకి ఎంతో గౌరవమట. బతికున్న శైలులు మూడు ఒక అంతరించిన శైలికి సమానమని పాత ఉత్తర్వులో ఉందట. మార్చి నెలాఖరు లెక్క సరిపోయింది. ముందు చక్రం లేని ఆ బస్సుకి 'అంతిమ కృతి' అని పేరు పెట్టి గాజు వెనక పెట్టమన్నారు. గ్యాలరీకి శాశ్వత గుర్తింపు ఇచ్చారు. ఇప్పుడు కొట్టు ముందు పిన్ని పలక ఉంది, దాని మీద గుడ్డ లేదు.

షరతు ఒకటే. అంతరించిన శైలిలో ఇకమీదట ఎవరూ గీయరాదు, నేనైతే అసలే గీయరాదు. ఇబ్బందేమీ లేదు. చంకలో బరువు లేకపోయేసరికి నా బొమ్మలు వాటంతట అవే నిటారుగా వస్తున్నాయి. కరెంటు స్తంభాలు కరెంటు స్తంభాల్లాగా ఉన్నాయి. ఫ్రేముల వెనక పెడుతున్నాం. విప్పి చూసుకున్నవాళ్లు మళ్లీ మూసేసుకుని వెళుతున్నారు.

జోగేశ్వరరావు గారు ఇప్పటికీ వారం వారం వస్తారు. శైలి అంతరించే ఉందా అమ్మా అని అడుగుతారు. ఉందండి అని చెబుతాను. పిన్నిని కూడా విడిగా అడుగుతారు. ఇద్దరి మాటలూ సరిపోయాక కార్బన్ పెట్టి రెండు ప్రతుల్లో ధ్రువపత్రం రాసి, అక్షరం అక్షరం విడిగా పెట్టి, స్కేలుతో రెండు గీతలు కొడతారు.

పోయిన వారం ఆయన ధ్రువపత్రం బల్ల మీద పెట్టుకుంటుంటే తన్విక కొట్టు ఆ చివరనుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఈమధ్య అది నడవడం మానేసింది, పరుగే. వచ్చి ఆయన ప్యాంటు పట్టుకుని ఎత్తుకోమంది. నేను వద్దంటున్నా వినకుండా ఆయన దాన్ని ఎడమ చంకనేసుకున్నారు. ఉండు తల్లీ, ఒక్క సంతకం అన్నారు. పెన్ను మూత తీశారు. తన్విక చెయ్యి చాచింది. ఆయన పెన్ను కాగితం మీద ఆనించి, మరి ఎత్తలేదు. ఎత్తితే పోతుందని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటి అక్షరంనుంచి చివరి అక్షరందాకా, కింద రెండు గీతలతో సహా, ఒక్క ఊపున లాగేశారు.

'పైన పేర్కొన్న శైలి ఎక్కడనూ ఆచరణలో లేదని ధ్రువీకరించడమైనది' అన్న వాక్యం కింద ఆ సంతకం హాయిగా కుడి పక్కకి వాలి పడుకుంది.

ఆయన చూసుకోలేదు. పిన్ని చూసింది. నేను చూశాను. పిన్ని కాగితం అందుకుని, ఆయన బల్లమీద పెట్టిన కోణమానిని తీసి, సంతకానికి ఆనించి, కళ్లద్దాలు సవరించుకుని చూసింది. కార్యాలయం ప్రతి మీరు తీసుకెళ్లండి సార్, మా ప్రతి మాకు ఉంచండి అని, గాజు కోయడానికి లేచింది.